రేడియోథెరపీ టెక్నాలజిస్ట్‌కి నాలుగేళ్ల డిగ్రీ కావాలా, రెండేళ్ల డిప్లొమా చాలదా?

గుంటూరు శ్రీను:
మా తమ్ముడు ఇంటర్ బైపీసీ పాసయ్యాడు. ఎంబీబీఎస్ సీటొచ్చే ర్యాంకు కాదు. క్యాన్సర్ ఆస్పత్రిలో రేడియేషన్ ఇచ్చే టెక్నాలజిస్ట్‌నవుతా అంటున్నాడు. ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. బాబాయ్‌ది డిగ్రీ పార్టీ: యూనివర్సిటీలో మూడేళ్లు చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. నాది డిప్లొమా పార్టీ. ఏఈఆర్‌బీ (దేశంలో రేడియేషన్ భద్రత చూసే కేంద్ర సంస్థ) రూల్ ప్రకారమే ఇంటర్ సైన్స్ మీద రెండేళ్ల రేడియోథెరపీ కోర్సు, మెషిన్ దగ్గర ట్రైనింగ్ ఉంటే అర్హుడే. డిగ్రీవాడైనా డిప్లొమావాడైనా కూర్చునేది ఒకే కన్సోల్ (మెషిన్ నడిపే కంప్యూటర్) ముందు. మొదటి జీతంలో పెద్ద తేడా లేదనీ విన్నా. ఇంకో రెండేళ్ల ఫీజులు, హాస్టలు దేనికి? డిగ్రీయే కావాలనేవాళ్లు కారణం చెప్పండి. "వాల్యూ ఉంటుంది" అని మాత్రం అనొద్దు.

కన్సోల్ రమణ:
నేను డిప్లొమావాణ్ణే శ్రీనుగారూ, మీ పార్టీయే. ఒక్క సంగతి చెప్తా. గొంతు క్యాన్సర్ పేషెంట్‌కి మొదటి రోజు వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ షీటు ముఖం మీద పరిచి మాస్కు చేస్తాం. అప్పుడు చర్మానికి అతుక్కున్నట్టు ఉంటుంది. నాలుగో వారానికి ముద్ద దిగక మనిషి చిక్కిపోతాడు. లేజర్ గీతలు మాస్కు మీది గుర్తులకి సరిగ్గానే పడతాయి, లోపల గడ్డం మాత్రం అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. మాస్కు అంచులో వేలు పెట్టి చూస్తే దూరుతుంది. అంతే, బీమ్ (మెషిన్ నుంచి వచ్చే రేడియేషన్) ఆపి, డోసు లెక్కలు చూసే ఫిజిసిస్ట్‌ని పిలవాలి. కొత్త మాస్కు, కొత్త సీటీ, ఒక్కోసారి కొత్త ప్లాన్. నాకిది మా సీనియర్ చేయి పట్టుకుని నేర్పాడు. ఏ సెమిస్టర్‌లో ఉందో చెప్పండి!

ఫిజిక్స్ మూర్తి:
రమణగారి వేలికి దండం. కానీ ఇవాళ్టి పనికి ఆ వేలొక్కటే చాలదండీ.

పాత కోబాల్ట్ మెషిన్ల రోజుల్లో ఫీల్డ్ సైజు, వెడ్జ్ (బీమ్‌కి అడ్డం పెట్టే ఏటవాలు లోహపు ముక్క), టైమర్ సరిచూసుకుంటే చాలావరకు పనైపోయేది. ఇప్పుడు లీనాక్ (కరెంటుతో రేడియేషన్ పుట్టించే మెషిన్) టేబుల్ మీదే కోన్‌బీమ్ సీటీ అనే స్కాన్ తీసి, ప్లాన్ కోసం ముందు తీసిన సీటీతో కలిపి సరిచూడాలి. ప్రోస్టేట్ కేసు అనుకోండి. ఎముకలు మిల్లీమీటరు తేడా లేకుండా కలిశాయి. టేబుల్ ఎంత జరపాలో సాఫ్ట్‌వేర్ చూపించేసింది. కానీ మూత్రాశయం సగమే నిండింది, పురీషనాళంలో గ్యాసు చేరి ప్రోస్టేట్‌ని ముందుకు తోసింది. బీమ్ ఆన్ చేయాలా? లేపి, నీళ్లు తాగించి, అరగంట కూర్చోబెట్టాలా? బయట కుర్చీలన్నీ నిండి ఉన్నాయి, అటెండర్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆ బూడిదరంగు బొమ్మలో ఏది ఏమిటో పోల్చుకోవడానికి క్రాస్ సెక్షన్ అనాటమీ (శరీరాన్ని అడ్డంగా కోసినట్టు చూసే శరీర నిర్మాణం) రావాలి. అది రెండేళ్లలో ఇమడదు.

ఇంకోటి. రొమ్ము క్యాన్సర్‌కి ఒకప్పుడు 25 సిట్టింగ్‌ల్లో 50 గ్రే (రేడియేషన్ డోసు కొలత) ఇచ్చేవాళ్లం. తర్వాత 15లో 40. 2020లో ఫాస్ట్ ఫార్వర్డ్ అనే పరిశోధన ఫలితాలొచ్చాక 5 సిట్టింగ్‌ల్లో 26 కూడా ఇస్తున్నారు. 25లో ఒక రోజు గురి తప్పితే మొత్తంలో 4 శాతం. 5లో అయితే 20 శాతం. సర్దుకునే రోజులే లేవు.

థెరాక్-25 అనే రేడియేషన్ మెషిన్ సంగతి తెలుసుగా. 1986లో టెక్సాస్‌లోని టైలర్‌లో స్క్రీన్ మీద "మాల్‌ఫంక్షన్ 54" అని వచ్చింది. దాని అర్థమేంటో ఎవరూ నేర్పలేదు కాబట్టి ఆపరేటర్ ప్రొసీడ్ నొక్కేసింది. విపరీతమైన డోసు పడి కొన్ని నెలలకి ఆ పేషెంట్ పోయాడు.

కన్సోల్ రమణ:
మూర్తిగారూ, ఆ కథ సగంలో ఆపారేంటి సార్? ఆవిడ కొత్తదేం కాదు. చేయి తిరిగిన మనిషి కాబట్టే పొరపాటున కొట్టిన అక్షరాన్ని చకచకా దిద్దింది. ఆ వేగానికి సాఫ్ట్‌వేర్ తట్టుకోలేకపోయింది. పాత మోడళ్లలో ఉన్న హార్డ్‌వేర్ ఇంటర్‌లాక్‌లు (తేడా వస్తే బీమ్‌ని అడ్డుకునే ఏర్పాట్లు) తీసేసింది కంపెనీ. ఆ రోజు గదిలో ఇంటర్‌కమ్, వీడియో కూడా పనిచేయలేదు. నెల తిరక్కుండా అక్కడే ఇంకో ప్రమాదం. అప్పుడు ఏ కీ తర్వాత ఏ కీ నొక్కిందో గుర్తుచేసుకుని, అక్కడి ఫిజిసిస్ట్‌తో కూర్చుని ఆ ఎర్రర్‌ని మళ్లీ రప్పించి చూపించింది ఆవిడే. డిగ్రీ లేకపోవడం వల్ల జరిగిన ప్రమాదం కాదది. కన్సోల్ ముందున్న మనిషి వల్ల బయటపడిన ప్రమాదం.

ఫిజిక్స్ మూర్తి:
ఆవిణ్ణి నేను తప్పుపట్టలేదు. ఆ మెసేజ్‌ని ప్రశ్నించే చదువు ఆవిడకి ముందే ఎవరూ ఇవ్వలేదంటున్నా. అదే నా బాధ.

బర్మింగ్‌హామ్ లత:
నేనిక్కడ థెరప్యూటిక్ రేడియోగ్రాఫర్‌ని, అంటే మీ రేడియోథెరపీ టెక్నాలజిస్టే. ఇంగ్లండ్‌లో మామూలుగా మూడేళ్ల డిగ్రీ, తర్వాత హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థలో రిజిస్ట్రేషన్. రిజిస్ట్రేషన్ లేకుండా రేడియోగ్రాఫర్ అని చెప్పుకుంటే నేరం. కోర్సులో పెద్ద భాగం ఆస్పత్రి ప్లేస్‌మెంట్లే. అందుకే డిగ్రీకీ చేతిపనికీ పోటీ పెట్టడం నాకు వింతగా ఉంది. అమెరికాలోనేమో 2015 నుంచి ఏఆర్‌ఆర్‌టీ (టెక్నాలజిస్టులకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) పరీక్షకి కనీసం అసోసియేట్ డిగ్రీ చాలు, అంటే రెండేళ్ల స్థాయే. రమణన్న సంబరపడొచ్చు. కాకపోతే తమ్ముడు డిగ్రీ పట్టుకుని నేరుగా అమెరికాలో చేరిపోతాడని మాత్రం లెక్కలు వేయకండి శ్రీనుగారూ. వాళ్లు గుర్తించిన కోర్సు మళ్లీ చేయాల్సిందే.

సత్తెనపల్లి కుర్రోడు:
ఇవన్నీ సరే, రేడియేషన్ ఉద్యోగమంటే పిల్లనిస్తారా?

కన్సోల్ రమణ:
ఇచ్చారయ్యా, ఇద్దరు పిల్లలు కూడా. లీనాక్ ఆపితే బీమ్ లేదు. కోబాల్ట్ సోర్సు అలా కాదు, ఎప్పుడూ వెలువరిస్తూనే ఉంటుంది, అందుకే సీసపు తలలో దాస్తారు. ఛాతీకి టీఎల్‌డీ బ్యాడ్జి (మన ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచేది), మూడు నెలలకోసారి రీడింగ్. చట్టం పెట్టిన హద్దు ఐదేళ్లలో 100 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. మీ మామగారికి ఈ ముక్క చెప్పు.

ఇంటర్న్ స్వాతి:
డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నా, నా గోడు కూడా వినండి. మా కాలేజీకి సొంత లీనాక్ లేదు. మూడేళ్లూ బొమ్మల్లో చూశాం. ఇప్పుడు వేరే ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్. పొద్దున మెషిన్ వార్మప్, క్యూఏ (మెషిన్ సరిగా ఉందో లేదో చూసే పరీక్షలు) మొదలయ్యే టైముకి మమ్మల్ని ఫైళ్లు మోయడానికి పంపిస్తారు. స్టైపెండ్ లేదు. మూర్తిగారు చెప్పిన కోన్‌బీమ్ మ్యాచింగ్ దగ్గర నిలబడనిచ్చేది ఒకే ఒక్క సీనియర్ మేడమ్. నా దృష్టిలో ఇలాంటి డిగ్రీ కన్నా మెషిన్ ఉన్న చోట డిప్లొమాయే నయం.

అయినా శ్రీనన్నా, నేను డిగ్రీ వైపే. 2021 అలైడ్ హెల్త్‌కేర్ చట్టం చూడండి. 2000 గంటలకి తగ్గని డిప్లొమా లేదా డిగ్రీ ఉంటే "అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్". 3600 గంటలకి తగ్గని డిగ్రీ అయితే "హెల్త్‌కేర్ ప్రొఫెషనల్". ఇవాళ జీతం ఒకటే కావచ్చు. రేపు ఎమ్మెస్సీ అన్నా, టీచింగ్ పోస్టన్నా, ఇన్‌ఛార్జి పోస్టన్నా రెండేళ్ల కాగితం అడ్డం పడుతుంది. రమణగారూ, కోపం తెచ్చుకోకండి, మీ తర్వాత వచ్చిన డిగ్రీవాళ్లు ఎవరూ మీకన్నా ముందు పైకి వెళ్లలేదా?

కన్సోల్ రమణ:
వెళ్లారమ్మా. మా ఇన్‌ఛార్జి నేను నేర్పిన కుర్రాడే. అది హెచ్‌ఆర్ లెక్క, పేషెంట్ లెక్క కాదు.

గుంటూరు శ్రీను:
స్వాతిగారూ, మీ మాటతో బాబాయ్‌కి బలం వచ్చింది. ఒక కాలేజీ బ్రోషర్‌లో "రేడియాలజీ అండ్ రేడియేషన్" అని ఉంది. అది పనికొస్తుందా?

ఇంటర్న్ స్వాతి:
అక్కడే చాలామంది మునుగుతున్నారు. అది ఎక్స్‌రే, సీటీ తీసే ఇమేజింగ్ కోర్సు అయ్యుండొచ్చు. సర్టిఫికెట్‌లో రేడియోథెరపీ అని స్పష్టంగా రావాలి, లేకపోతే ఏఈఆర్‌బీ దగ్గర టెక్నాలజిస్ట్‌గా చూపించడానికి ఆస్పత్రులు ఒప్పుకోవు. తమ్ముడికి 18 నిండాయా? నిండకుండా రేడియేషన్ వర్కర్‌గా పెట్టుకోకూడదు, ట్రైనీగా అయితే 16 నిండితే చాలు.

గుంటూరు శ్రీను:
నవంబర్‌కి నిండుతాయి. రేపు ఫోన్ చేసి మెషిన్ ఉందా అని అడుగుతా.

ఇంటర్న్ స్వాతి:
ఫోన్‌లో అందరూ ఉందనే అంటారు. వెళ్లి చూడండి. ఏ మెషిన్, రోజుకి ఎంతమందికి ఇస్తున్నారు, స్టూడెంట్లకి టీఎల్‌డీ బ్యాడ్జి వాళ్ల పేరు మీదే వస్తోందా అని అడగండి. బ్యాడ్జి లేదన్నారంటే మిమ్మల్ని మెషిన్ గది వైపు రానివ్వరనే అర్థం.

ఫిజిక్స్ మూర్తి:
ఫిజిసిస్ట్ క్లాసులు చెప్తాడా అని కూడా అడగండి. పేరు బోర్డు మీదే ఉండి, మనిషి కనిపించని చోట్లు నాకు తెలుసు.