హాస్టల్ పిల్లలకు నిగ్రహం కట్టడితో వస్తుందా?

గుంటూరు తండ్రి: మా అబ్బాయి విజయవాడలోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. వారానికి ఒక్కసారి, అదీ వార్డెన్ ఎదుట నిలబడి, ఇంటికి ఫోన్ చేసుకోనిస్తారు. ఇంటి ధ్యాస తగ్గితేనే చదువు మీద మనసు నిలుస్తుందని యాజమాన్యం అంటోంది. ఇది సబబేనా?

బెంజి సర్కిల్ అధ్యాపకుడు: సబబే. పదహారేళ్ల వయసులో నిగ్రహం దానంతట అది రాదు. ముందు కట్టడి ఉంటే తరువాత అలవాటవుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ చేసిన మార్ష్‌మెల్లో పరీక్షలో, కాసేపు ఆగితే రెండోది ఇస్తామన్నప్పుడు ఎదుట ఉన్న మిఠాయి తినకుండా ఎక్కువసేపు ఆగిన పిల్లలే పెద్దయ్యాక చదువులోనూ ముందున్నారు కదా.

బ్రాడీపేట పాఠకురాలు: అధ్యాపకుడు గారూ, ఆ కథ అక్కడితో ముగియలేదు. 2018లో టైలర్ వాట్స్ బృందం దాదాపు 900 మంది పిల్లల వివరాలు పరిశీలించి, కుటుంబ నేపథ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం బాగా పలచబడుతుందని చూపింది. మన చర్చకు ఇంకా దగ్గరైనది 2013లో సెలెస్ట్ కిడ్ బృందం చేసిన ప్రయోగం. మంచి రంగులు తెచ్చిస్తానని చెప్పి వట్టి చేతులతో వచ్చిన మనిషి ఎదుట, ఇదే మిఠాయి పరీక్షలో, పిల్లలు సగటున 3 నిమిషాలే ఆగారు. మాట నిలబెట్టుకున్న మనిషి ఎదుట 12 నిమిషాలు ఆగారు. పిల్లలు 28 మందే గనుక దాన్ని వేదవాక్యం చేయనక్కరలేదు గాని, నిగ్రహంగా కనిపించేదానిలో ఎదుటివారి మీద నమ్మకం ఎంత ఉందో అది చెబుతోంది.

ఒంటరితనం సంగతి 2005లో రాయ్ బౌమైస్టర్ బృందం పరీక్షించింది. తమతో కలిసి పనిచేయడానికి ఎవరూ ఇష్టపడలేదని విన్న విద్యార్థులు ఎదుట పెట్టిన బిస్కెట్లను మిగతావారికన్నా ఎక్కువ తిన్నారు. అయితే డబ్బు ఇస్తామన్నప్పుడు, వెలివేసినట్టు అనిపించినవారు కూడా తమను తాము బాగానే అదుపు చేసుకోగలిగారు. అంటే వారిలో తగ్గినది శక్తి కాదు, కష్టపడాలన్న కోరిక. ఇంటి మాట వినపడకుండా చేసి, వారం వారం ర్యాంకుల జాబితా గోడకు అంటించి, సెక్షన్ మార్చేస్తుంటే, కిందనున్న పిల్లవాడు ఎవరి కోసం, ఏ ధీమాతో ఓర్చుకుంటాడు? ‘నేను చేయగలను’ అన్న నమ్మకం ప్రధానంగా తాను స్వయంగా సాధించిన పనుల నుంచే పుడుతుందని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే అన్నారు. మనవాళ్లు ఆ అవకాశం మొదటి పది మందికే ఇస్తున్నారు.

బెంజి సర్కిల్ అధ్యాపకుడు: అమ్మా, ర్యాంకుల విషయంలో మీతో వాదించను. ఫోన్ విషయంలో మాత్రం నా మాట మారదు: రోజూ ఇంటితో మాట్లాడే పిల్లలు ఆ రాత్రి పుస్తకం తెరవకపోవడం నేను చూస్తున్నాను.

గుంటూరు తండ్రి: అయితే స్టడీ అవర్ ముగిశాక పది నిమిషాలు మాట్లాడనిమ్మని అడుగుతాను, అదీ వార్డెన్ పక్కన లేకుండా.