ఎఫ్(5) నాకు 7 వస్తోంది, జవాబు మాత్రం 33 అట. ఎక్కడ తప్పుతున్నాను?

ఎక్స్‌వెతుకు:
అందరికీ నమస్తే. చాలా ఏళ్ల తర్వాత ఆల్జీబ్రా మళ్లీ మొదలుపెట్టాను. మామూలు ప్రమేయాల దాకా బాగానే నడిచింది, ఎఫ్(ఎక్స్) = 3ఎక్స్ + 2 ఇచ్చి ఎఫ్(4) ఎంత అంటే 14 అని వెంటనే చెప్పగలను. రికర్సివ్ లెక్కల దగ్గర, అంటే ముందు విలువ నుంచి తర్వాతి విలువ కనుక్కునే వాటి దగ్గర ఆగిపోయాను. లెక్క ఇది: ఎఫ్(1) = 3, ఎఫ్(ఎన్) = 2 × ఎఫ్(ఎన్-1) - 1 అయితే ఎఫ్(5) ఎంత? ఎన్ ఉన్నచోట 5 పెట్టాను, 5లోంచి 1 తీస్తే 4, రెండు నాలుగులు ఎనిమిది, ఒకటి తీస్తే 7. వెనక పేజీలో 33 అని ఉంది. అసలు ఎఫ్(1) = 3 అని ఎందుకిచ్చారో కూడా తెలియలేదు, నేను దాన్ని వాడనే లేదు. పరీక్ష దగ్గరకొస్తోంది, టెన్షన్‌గా ఉంది.

నల్లబల్ల:
మీకు వచ్చిన అనుమానమే సరైనదండి. ఇచ్చిన విలువని ముట్టుకోకుండానే జవాబు వచ్చేసిందంటే ఎక్కడో ఏదో జారిపోయిందనే లెక్క.

బ్రాకెట్ లోపల ఉన్నది స్థానం, ఎఫ్(4) అని మొత్తం కలిపి రాస్తే ఆ స్థానంలో ఉన్న విలువ. నాలుగో స్థానంలో 4 ఉంటుందని ఎవరూ చెప్పలేదు కదా. మీరు 5-1 = 4 దాకా సరిగ్గానే వచ్చి, అక్కడ ఎఫ్‌ని వదిలేసి ఆ 4నే విలువగా తీసుకున్నారు. ఈ తప్పు చాలామంది చేస్తారు, ఎందుకంటే ఎఫ్ పక్కన బ్రాకెట్ కనబడగానే గుణకారంలా అనిపిస్తుంది. అందుకని నియమాన్ని ఒకసారి మాటల్లో చదువుకోండి: ఏ పదం (వరసలోని విలువ) కావాలన్నా దాని ముందు పదాన్ని రెట్టింపు చేసి ఒకటి తీసెయ్యాలి.

ఇప్పుడు ఎఫ్(5) కావాలంటే ఎఫ్(4) తెలియాలి, దానికి ఎఫ్(3), దానికి ఎఫ్(2), దానికి ఎఫ్(1). అక్కడ ఆగుతాం, అది 3 అని ముందే ఇచ్చేశారు. అదే లేకపోతే ఎఫ్(0), ఎఫ్(-1) అంటూ వెనక్కి పోతూనే ఉంటాం, ఎక్కడా అంకె దొరకదు. ఇక కింద నుంచి పైకి రండి: ఎఫ్(2) = 6 - 1 = 5, ఎఫ్(3) = 10 - 1 = 9, ఎఫ్(4) = 18 - 1 = 17, ఎఫ్(5) = 34 - 1 = 33.

ఎక్స్‌వెతుకు:
అయ్యో, ఇంతేనా! స్థానం వేరు, విలువ వేరు అన్నది ఇప్పుడు పట్టుకుంది. తర్వాతి లెక్క చేశాను, మళ్లీ తేడా వచ్చింది. ఎఫ్(0) = 4, ఎఫ్(ఎన్+1) = 3 × ఎఫ్(ఎన్) - 5, ఎఫ్(3) కావాలి. ఎన్ = 3 పెట్టి 124 తెచ్చాను, జవాబు 43 అట.

లఘువుగురువు:
మీ కూడికలు, గుణకారాలు అన్నీ కరెక్టే, ఒక మెట్టు ఎక్కువ ఎక్కారు. ఎన్ = 3 పెడితే ఎడమ పక్క ఎఫ్(4) అవుతుంది, మీకు కావాల్సింది ఎఫ్(3) కాబట్టి ఎన్ = 2 పెట్టాలి. 4, 7, 16, 43, తర్వాతే ఆ 124. ఎప్పుడూ ఎడమ పక్క బ్రాకెట్ చూసి, దాన్ని మీకు కావాల్సిన స్థానానికి సమానం చేసి ఎన్ కనుక్కోండి. మొదలు సున్నా నుంచా ఒకటి నుంచా అన్నది కూడా చూసుకోవాలి.

ముందు ముందు రెండు పాత పదాలు అడిగే నియమాలూ వస్తాయి, వాటికి మొదటి విలువలు కూడా రెండు కావాలి. నాకు బాగా ఇష్టమైనది ఛందస్సులో ఉంది. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. ఎన్ మాత్రల్ని ఎన్ని రకాలుగా నింపొచ్చు? చివర లఘువు ఉంటే దాని ముందు ఎన్-1 మాత్రలు, గురువు ఉంటే ఎన్-2 మాత్రలు. కాబట్టి ఎఫ్(ఎన్) = ఎఫ్(ఎన్-1) + ఎఫ్(ఎన్-2). ఒక మాత్రకి 1, రెండింటికి 2, అక్కడి నుంచి 3, 5, 8, 13. ఇవే ఫిబొనాచీ సంఖ్యలు. 1202లో ఇటలీ గణితవేత్త ఫిబొనాచీ పుస్తకం రాకముందే జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సు లెక్కల్లో ఈ నియమం చెప్పాడు. నియమం ఎందుకు అలా ఉందో ఒక్కసారి కనబడితే అది ఇక మర్చిపోవడం కష్టం.

ఎక్స్‌వెతుకు:
చాలా థ్యాంక్స్ అండి. ఒక్క సందేహం మిగిలింది. మొదటి లెక్కలో ఎఫ్(50) అడిగితే యాభై మెట్లూ ఎక్కాల్సిందేనా?

నల్లబల్ల:
అక్కర్లేదు. 3, 5, 9, 17, 33లో ప్రతి దాంట్లోంచి 1 తీసి చూడండి: 2, 4, 8, 16, 32. అంటే ఎఫ్(ఎన్) = 2 పవర్ ఎన్ + 1, కాబట్టి ఎఫ్(50) = 1125899906842625. ఐదు పదాలకి కుదిరిందని అన్నిటికీ కుదిరినట్టు కాదు, కానీ ఇక్కడ నియమంలో రెండు వైపులా 1 తీస్తే ఎఫ్(ఎన్) - 1 = 2 × (ఎఫ్(ఎన్-1) - 1) అవుతుంది, అంటే ప్రతి మెట్టుకీ ఆ తేడా రెట్టింపవుతోంది, కాబట్టి ఎక్కడిదాకా వెళ్లినా నిలుస్తుంది.

ఆ 1 ఎక్కడిదంటే, నియమంలో పెడితే మారకుండా అలాగే బయటికొచ్చే సంఖ్య అది: సి = 2సి - 1 అంటే సి = 1. మీ రెండో లెక్కకి సి = 3సి - 5, అంటే 2.5. 4, 7, 16, 43లోంచి 2.5 తీస్తే ఏం వస్తుందో మీరే చేసి ఇక్కడ రాయండి, చూస్తాను. ఎఫ్(ఎన్) = ఎఫ్(ఎన్-1) + ఎన్ లాంటి వాటికి మాత్రం ఈ దారి పనికిరాదు, అలా మారని సంఖ్య వాటిలో దొరకదు.

ఎక్స్‌వెతుకు:
1.5, 4.5, 13.5, 40.5. ప్రతిసారీ మూడు రెట్లు!