మళ్లీ కుక్క కరిస్తే రెండు డోసులు చాలా? మొత్తం కోర్సు మొదటికి రావాల్సిందేనా?

ప్రశ్న (శ్రీకాకుళం_రీడర్): రెండేళ్ల క్రితం కుక్కకాటుకు టీకాలన్నీ పూర్తి చేసిన మనిషిని ఇప్పుడు వీధికుక్క పిక్క మీద రక్తం కారేలా కరిచింది. ఒక డాక్టరు రెండు డోసులు చాలన్నారు. ఇంకొకరు ఐదు డోసులు, పైగా సీరం (రెడీమేడ్ యాంటీబాడీల మందు) కూడా రాశారు. ఎవరి మాట వినాలి?

ఏఆర్‌వీ_నర్స్: పాత కోర్సు పూర్తయినట్టు చీటీ ఉంటే రెండే డోసులండీ. ఇవాళ ఒకటి, మూడో రోజు ఒకటి. కండకు వేస్తే ఒక్కోసారికి ఒక పూర్తి వయల్, చర్మంలోకి వేస్తే ఒక్కచోట 0.1 మి.లీ. చాలు. సీరం అక్కర్లేదు. మన 2019 జాతీయ మార్గదర్శకాల్లో ఉన్నది ఇదే. గాయం లోతుగా ఉందనో, ముఖం మీద ఉందనో ఈ లెక్క మారదు. టీకా కంటే ముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. ఆ పైన పోవిడోన్ అయోడిన్ రాయాలి. కారం, సున్నం, కాఫీపొడి అద్దుకుని వస్తే ముందు అవన్నీ కడిగించడానికే టైం పోతుంది.

మందులషాపు_విజయవాడ: రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి దక్కడం దాదాపు లేదు. అలాంటి జబ్బుకి మూడు డోసులు ఎక్కువ వేస్తే పోయేదేముంది? రెండేళ్లలో రక్తంలో యాంటీబాడీలు పడిపోతాయి కదా.

జనరల్_మెడిసిన్: పడిపోతాయి, నిజమే. కానీ పడిపోయేది రక్తంలోని మోతాదే, గుర్తుపెట్టుకున్న కణాలు ఉంటాయి. వాటికి టీకా తగలగానే కొద్దిరోజుల్లోనే యాంటీబాడీలు బాగా పెరుగుతాయి. అందుకే రెండేళ్లయినా పదేళ్లయినా రెండే డోసులు. అదనపు టీకాతో ప్రమాదం లేదు, ఖర్చు, తిరుగుడు తప్ప. సీరం సంగతి వేరు. సీరంలో రెడీమేడ్ యాంటీబాడీలు ఉంటాయి, అవి శరీరం సొంతంగా ఇవ్వబోయే స్పందనను తగ్గించగలవు. పైగా ఎప్పుడూ టీకా పడని మూడో కేటగిరీ కేసుకి, అంటే రక్తం వచ్చేలా కరిచిన లాంటి తీవ్రమైన కేసుకి, అదే వయల్ కావాలి. "ఎందుకైనా మంచిది" అని సీరం రాయడం నా దృష్టిలో మంచి పని కాదు.

మందులషాపు_విజయవాడ: సీరం విషయం ఒప్పుకున్నా. మరి పాత కోర్సు సరిగా పడిందని నమ్మకం ఏమిటి? చాలామంది 0, 3, 7 రోజుల్లో వేయించుకుని 28వ రోజు ఎగ్గొడతారు.

జనరల్_మెడిసిన్: అసలు తకరారు అక్కడే. రెండు డోసులు పడి ఆగిపోయినా టీకా పడినవారిగానే చూడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. మన మార్గదర్శకాలు పూర్తయిన కోర్సు, దానికి కాగితం అడుగుతాయి. కాగితం లేకపోతే, కోర్సు సగంలో ఆగి ఉంటే కొత్త కేసే, కోర్సు మొదటి నుంచి. నేను మన దానివైపే.

ఏఆర్‌వీ_నర్స్: చీటీ ఉన్నా డోసు సరిగా పడకపోయే అవకాశం ఒకటుంది. చర్మంలోకి వేసే 0.1 మి.లీ. అంటే ఎర్ర మూత యూ-40 ఇన్సులిన్ సిరంజిలో 4 యూనిట్లు, నారింజ మూత యూ-100 సిరంజిలో 10 యూనిట్లు. యూ-100 తీసుకుని 4 దగ్గర ఆపితే వెళ్లేది 0.04 మి.లీ. మాత్రమే. మందు వెళ్లాక చర్మం మీద నారింజ తొక్కలాంటి బుడిపె లేవాలి. లేవలేదంటే సూది చర్మం కిందికి దిగిపోయినట్టు, పక్కన ఇంకోచోట మళ్లీ వేయాలి. కండకు వేసేది భుజానికే, చిన్నపిల్లలకి తొడ ముందువైపు. పిరుదుకి ఎప్పుడూ వేయకూడదు.

ఖమ్మం_ప్రశ్న: కోర్సు అయిపోయిన నెల రోజులకే మళ్లీ కరిస్తే?

జనరల్_మెడిసిన్: పూర్తి కోర్సు అయ్యాక మూడు నెలల్లోపైతే గాయం కడిగితే చాలు, టీకా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. చాలామంది డాక్టర్లు ధైర్యం చాలక రెండు డోసులు వేస్తారు. నేను వాళ్లని తప్పుపట్టను. కానీ వేయనివాళ్లని నిర్లక్ష్యం అని తిట్టడం మాత్రం అన్యాయం.

పశువైద్యం_కడప: కుక్కకి టీకా ఉందని మనిషికి మానేయకండి. కరిచిన జంతువు ఆరోగ్యంగా ఉందా అని చూసే పదిరోజుల గమనింపు కుక్కకీ పిల్లికీ మాత్రమే, కోతికీ ముంగిసకీ వర్తించదు. ఆ పదిరోజులు చూసి అప్పుడు మొదలుపెడదాం అనుకోవడం అసలే కుదరదు. రెండు డోసులూ నాలుగు రోజుల్లో అయిపోతాయి, కుక్క కోసం ఆగడమెందుకు?

ఏఆర్‌వీ_నర్స్: రెండు మినహాయింపులు చెప్పడం మరిచాం. కీమోథెరపీలో ఉన్నవాళ్లు, చికిత్స తీసుకోని హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు పాత చీటీ చూపించినా పూర్తి కోర్సు, సీరం రెండూ కావాలి. వెనకటి రోజుల్లో బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిపించుకున్నవాళ్లు "నాకు ఎప్పుడో వేశారు" అంటారు. అది లెక్కలోకి రాదు, కొత్త కేసే.

శ్రీకాకుళం_రీడర్: చీటీ ఉంది, మొదటి డోసు ఈ సోమవారం పడింది. రెండోది బుధవారమా?

ఏఆర్‌వీ_నర్స్: గురువారం. మొదటి డోసు పడిన రోజు సున్నా, మంగళవారం ఒకటి. గురువారం కుదరకపోతే శుక్రవారమైనా వేయించండి, మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. టీటీ వేయించుకున్నారా? అది ధనుర్వాతానికి, దాన్ని రెండో డోసు కింద లెక్కేయకండి.