పాత ఫోర్ట్రాన్ కోడ్ మొత్తం పైథాన్‌లో తిరగరాయనా?

ప్రశ్న (గుంటూరు, పరిశోధక విద్యార్థిని):
కృష్ణా పరీవాహక ప్రాంతంలో వానల మీద పీహెచ్‌డీ చేస్తున్నానండి. మా గైడు గారు ఎప్పుడో ఫోర్ట్రాన్ 77లో రాసుకున్న కోడ్ నా చేతికిచ్చారు. పేర్లేవీ ఆరక్షరాలు దాటవు. 'కౌంట్' అన్న పేరును కూడా 'సి' బదులు 'కె'తో మొదలుపెట్టారు. 1957లో ఐబీఎం తెచ్చిన భాషను ఇంకా ఎందుకు పట్టుకుని ఉన్నారు? మొత్తం పైథాన్‌లో తిరగరాసేద్దామనుకుంటున్నా.

జవాబు (విజయవాడ):
ఆ 'కె' పొరపాటు కాదమ్మా. ఫోర్ట్రాన్‌లో ఐ నుంచి ఎన్ దాకా ఏ అక్షరంతో పేరు మొదలైనా, వేరేగా చెప్పకపోతే అది పూర్ణాంకం. అందుకే సార్ అలా రాశారు.

నేనూ ఒకప్పుడు నేల తేమ లెక్కగట్టే సబ్‌రొటీన్‌ను (ఒక పని చేసే కోడ్ ముక్కను) పైథాన్‌లోకి మార్చాను. జవాబు నాలుగో దశాంశ స్థానంలో తేడా వచ్చేది. మూడు వారాలు సూత్రాలన్నీ కాగితం మీద మళ్లీ వేసుకున్నా. చివరికి తేలిందేమిటంటే, పాత కోడ్‌లో 'రియల్' (దశాంశ సంఖ్య) అంటే 32 బిట్లు, పైథాన్‌లో 64. సూత్రాల్లో తప్పేం లేదు. కానీ అది రుజువు చేసేదాకా నా ఫలితాన్ని ఎవరూ నమ్మలేదు, నమ్మకపోవడం న్యాయమే. మీ గైడు గారి కోడ్‌ను ఏళ్లుగా వర్షమాపకాల లెక్కలతో సరిచూసి ఉంటారు. తిరగరాస్తే ఆ సరిచూడటం మళ్లీ మొదటి నుంచీ చెయ్యాలి.

పాతది కాబట్టి నెమ్మది అనీ అనుకోకండి. సబ్‌రొటీన్‌కి రెండు అర్రేలు (సంఖ్యల వరుసలు) ఇచ్చి ఒకదాంట్లో రాస్తుంటే, అవి ఒకే మెమరీని పంచుకోవని కంపైలర్ (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాం) ధీమాగా ఉంటుంది. అందుకే లూపును ఎలా కావాలంటే అలా వేగంగా మలుచుకుంటుంది. 'సి' భాషలో ఆ భరోసా మనం విడిగా రాసివ్వాలి. వాతావరణ నమూనా డబ్ల్యూఆర్‌ఎఫ్ ఇప్పటికీ చాలావరకు ఫోర్ట్రానే. మీరు నంపైలో (పైథాన్‌కి లెక్కల లైబ్రరీ) సమీకరణాలు సాధించమన్నా లోపల పనిచేసేది లాపాక్ అనే లైబ్రరీ, అదీ ఫోర్ట్రాన్‌లో పుట్టిందే.

జవాబు (తెనాలి):
పై మాటే నాదీ. నంపైతో పాటే ఎఫ్‌టూపై అనే పనిముట్టు వస్తుంది, దాంతో ఆ సబ్‌రొటీన్లను పైథాన్ నుంచే పిలవొచ్చు. పాత పద్ధతి ఫైల్లో లైను 72 అక్షరాలు దాటనివ్వకండి, ఆ పైన ఉన్నది కంపైలర్ మామూలుగా చదవదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థాంక్సండి. నిన్న నేను చేర్చిన ఒక లైను 74వ అక్షరం దాకా పోయింది. చివరి '100'లో రెండు సున్నాలు తెగి, దేనితో భాగించాలో అది 1 అయిపోయింది. ఇప్పుడే సరిచేశాను. తిరగరాసే పని మానేసి, రేపు ఎఫ్‌టూపై పెట్టి చూస్తా.