హెర్వీ బే నుండి గర్రి (ఫ్రేజర్) దీవికి ఒక్క రోజు యాత్ర: పెద్దవాళ్లతో గైడు బస్సు మేలా, సొంతంగా వెళ్లడం మేలా?

లంకల అమ్మాయి:
అందరికీ నమస్కారం. మేము ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉంటున్నాము. కోనసీమ నుండి వచ్చిన మా అమ్మానాన్నలను ఆగస్టులో హెర్వీ బే తీసుకువెళ్లి, ఒక రోజు తిమింగలాలను, మరో రోజు ఎదురుగా ఉన్న ఇసుక దీవిని చూపించాలని అనుకుంటున్నాము. నాన్నగారికి డెబ్బై ఏళ్లు, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి, పైగా బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది. బాబుకు ఆరేళ్లు. ఫోర్ వీల్ డ్రైవ్ కారు అద్దెకు తీసుకుని వెళ్దామని మావారు, గైడు ఉండే బస్సులోనే వెళ్దామని నేను వాదించుకుంటున్నాము.

నాన్నగారి సంగతి వేరు. "పుట్టిన దగ్గర నుండి ఇసుకలోనే తిరిగాను, మళ్లీ ఇసుక చూడటానికి ఇంత దూరం రావాలా?" అంటున్నారు. ఆ ఇసుక మీద మంచినీటి సరస్సులున్నాయని చెబితే, "ఇసుకలో నీళ్లెలా నిలుస్తాయమ్మా?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను.

పంటు ప్రయాణికుడు:
మేము నిరుడు మా అత్తగారిని, మామగారిని తీసుకుని బస్సులోనే వెళ్లాము. మీ పరిస్థితికి అదే సరైనదని నా అభిప్రాయం.

ఉదయం మనం దిగిన చోటికే బస్సు వచ్చి ఎక్కించుకుంటుంది. రివర్ హెడ్స్ రేవులో బస్సుతో సహా ఫెర్రీ ఎక్కుతాము. మన నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య తిరిగే పంటు లాంటిదే అనుకోండి, కాకపోతే చాలా పెద్దది. దీవి లోపలి దారి మాత్రం ఒంటి బండి పట్టే ఇసుక బాట, వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదు. ఆ బాటలో బస్సు పడవలా ఊగుతుంది కనుక, అమ్మగారికి ముందు వరుసలో సీటు కావాలని బుక్ చేసేటప్పుడే అడగండి. కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్ర ఏదైనా ఉంటే ఫెర్రీ దిగాక కాదు, బయలుదేరే ముందే వేసుకోవాలి. మేము ఆలస్యం చేసి బాధపడ్డాము. బస్సు మెట్లు ఎత్తుగా ఉంటాయి, బూరంగూర (మెకెంజీ) సరస్సు దగ్గర కూడా కొన్ని మెట్లు దిగాలి. ఈలై వాగు దగ్గర చెక్కబాట ఉంది కాబట్టి నీటిలో దిగలేనివారు దాని మీద నడుస్తూ చూడవచ్చు.

ఒడ్డున తుప్పు పట్టి కనిపించే మహేనో ఓడ ముందు మా మామగారు అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డారు. 1905లో కట్టిన ఆ ప్రయాణికుల నౌక మొదటి ప్రపంచ యుద్ధంలో ఆసుపత్రి ఓడగా పనిచేసిందట. 1935లో పాత ఇనుముగా అమ్మివేసి జపాను వైపు లాక్కుపోతుండగా తుపానుకు తాడు తెగి అక్కడికి కొట్టుకువచ్చింది. శాకాహార భోజనం కావాలని ముందే చెప్పండి. చెప్పినా రొట్టె, ఆకుకూరలే పెడతారు కనుక పులిహోర పొట్లం దగ్గర ఉండటం మంచిది.

ఇసుకలో దిగబడినవాడు:
మీవారి సరదా నాకు అర్థమైంది, ఎందుకంటే నేనూ అలాగే కారు తీసుకువెళ్లాను. అక్కడ సముద్రపు ఒడ్డే అధికారికంగా రహదారి, 80 కిలోమీటర్ల వేగం వరకు పోవచ్చు. అయితే పోటుకు ముందు రెండు గంటలు, తరువాత రెండు గంటలు ఒడ్డున బండి నడపకూడదని అక్కడివారు చెబుతారు. నేను ఆటుపోట్ల వేళలు చూసుకున్నాను గాని టైర్లలో గాలి తగ్గించడం మరిచాను. మెత్తటి ఇసుకలో చక్రాలు ఇరుసుల దాకా దిగబడ్డాయి. ముక్కూమొహం తెలియని ఇద్దరు వచ్చి బండిని లాగారు. ఇసుక మీద నడిపితే బీమా వర్తించదని అద్దె కాగితాలలో రాసి ఉన్న సంగతి ఇంటికి వచ్చాక చదివాను. మొదటిసారి, అందులోనూ ఒకే రోజుకు, పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఈ తలనొప్పి వద్దు.

ఒక మాట మాత్రం ముందే తెలుసుకోండి: దీవి పొడవు 120 కిలోమీటర్ల పైమాటే. ఒక్క రోజు బస్సు యాత్రలు సాధారణంగా ఉత్తరాన సముద్రంలోకి పొడుచుకు వచ్చిన ఇండియన్ హెడ్ అనే రాతి కొండ దాకా పోవు.

చెలమ నీరు:
నాన్నగారి ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను. ఆ దీవిలో సరస్సులు ముఖ్యంగా రెండు రకాలు. మన వైపు ఇసుకలో చెలమ తవ్వితే నీరూరుతుంది కదా, అలాగే దిబ్బల మధ్య పల్లం భూగర్భజల మట్టం కంటే కిందికి దిగిన చోట ఏర్పడినవి ఒక రకం. బూరంగూర రెండో రకం. కుళ్లిన ఆకులు, వేర్ల నుండి వచ్చిన పదార్థం ఇసుక రేణువులతో కలిసి గట్టిపడి, డాబా మీద వేసిన గచ్చులా నీటిని కిందికి దిగనివ్వదు. ఆ గచ్చు మీద నిలిచిన వాననీరే ఆ సరస్సు. సముద్రమట్టానికి దాదాపు 100 మీటర్ల ఎత్తున ఉంది. వాగులు కలవవు కనుక నీరు అంత తేటగా ఉంటుంది, ఆమ్లగుణం వల్ల అందులో జీవులు చాలా తక్కువ. సన్‌స్క్రీన్ రాసుకుని అందులో దిగవద్దని గైడ్లు చెప్పేది అందుకే.

ఇసుకలోకి ఇంకిన మిగతా వాన ఎక్కడికి పోతుందంటే, ఈలై వంటి వాగులుగా ఒడ్డున బయటపడుతుంది. ఈలై ఒక్కటే గంటకు 40 లక్షల లీటర్ల వరకు సముద్రంలోకి వదులుతుందని చెబుతారు. నాన్నగారి లెక్కలో అది సుమారు 39 క్యూసెక్కులు.

దీవి పేరును 2023లో అధికారికంగా అక్కడి ఆదివాసులైన బుచ్చుల్లా ప్రజలు పిలిచే 'గర్రి' అనే పేరుకు మార్చారు. ఇంగ్లీషు అక్షరాలలో మొదట 'కె' కనిపిస్తుంది గాని పలకరు. డింగోల విషయం మాత్రం తేలికగా తీసుకోకండి, అవి చూడటానికి ఊరకుక్కల్లా ఉన్నా అడవి జంతువులు. బాబు ఎప్పుడూ చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. పులిహోర సరస్సు ఒడ్డుకు తీసుకుపోకూడదు, కంచె వేసిన చోటే కూర్చుని తినాలి.

లంకల అమ్మాయి:
అందరికీ కృతజ్ఞతలు. బస్సే ఖాయం చేశాము, అమ్మకు ముందు సీటు దొరికింది. బీమా మాట చదివాక మావారు మళ్లీ కారు ఊసెత్తలేదు. నాన్నగారు మాత్రం 39 క్యూసెక్కులను నమ్మడం లేదు. పిల్లకాలువంత నీరు ఇసుకలో నుండి ఎలా వస్తుందో తానే కొలుస్తారట. కాగితం పడవ వదిలి వాచీ చూస్తాననీ, పది మీటర్ల అవతల బాబును నిలబెట్టమనీ అంటున్నారు.

చెలమ నీరు:
కాగితం వద్దండీ, రాలిన ఆకు చాలు. అవతల నిలబడే పని బాబుకు కాకుండా మీవారికి అప్పగించండి.