"ప్రతిచర్య"లో "ప్రతి" అంటే బదులా, ఎదురా?

ప్రశ్న: రాజకీయ వార్తల్లో "చర్యకు ప్రతిచర్య తప్పదు" అంటే ప్రతీకారమనే అర్థం. ముందు ఒకడు కొడతాడు, తర్వాత రెండోవాడు తిరగబడతాడు. "ప్రతి చర్యకూ సమానమైన, వ్యతిరేకమైన ప్రతిచర్య ఉంటుంది" అనే న్యూటన్ మూడో గమన నియమంలోనూ ఇదే మాట ఉంది కదా, అక్కడా ఇలా ముందూ వెనకా ఉంటుందా?

ఫిజిక్స్ లెక్చరర్: ఉండదండీ. రెండు బలాలూ ఒకేసారి పుడతాయి, ఒకేసారి పోతాయి. దేన్ని చర్య అనాలో, దేన్ని ప్రతిచర్య అనాలో మన ఇష్టం. 1687లో తన గ్రంథం ప్రిన్సిపియాలో న్యూటన్ "ఆక్షియో", "రియాక్షియో" అని లాటిన్‌లో రాసి, ఆ వాక్యంలోనే విడమరిచాడు: రెండు వస్తువులు ఒకదానిమీద ఒకటి చూపే చర్యలు ఎప్పుడూ సమానం, దిశలు ఎదురెదురు. మన పిల్లలు కంఠతా పట్టేది మొదటి సగమే. అసలు సరుకంతా రెండో సగంలో ఉంది.

తెలుగు పండిట్: అయితే మాటను తప్పుపట్టక్కర్లేదు. ప్రత్యుత్తరం, ప్రతిఫలం, ప్రతీకారం వెనక వచ్చేవి, నిజమే. కానీ ప్రతిబింబం? బింబం ఉన్నంతసేపూ ఉంటుంది, అది తొలగితే పోతుంది. "ప్రతిచర్య"ను ఆ వరసలో చేర్చుకుంటే పేచీ లేదు.

ఎంట్రన్స్ కోచింగ్ ట్యూటర్: వరస ఏదైనా, మార్కులు పోయేది వేరే చోట. బల్ల మీద 1 కిలో పుస్తకం ఉంది. భారం 9.8 న్యూటన్లు కిందికి, బల్ల ఇచ్చే అభిలంబ బలం 9.8 న్యూటన్లు పైకి. సమానం, వ్యతిరేకం, కాబట్టి ఇవే చర్య–ప్రతిచర్య అని రాసేస్తారు. తప్పు. రెండూ ఒకే పుస్తకం మీద పనిచేస్తున్నాయి. అదే బల్లను 2 మీ/సె² త్వరణంతో పైకి వెళ్లే లిఫ్టులో పెట్టండి: అభిలంబ బలం 11.8 అవుతుంది, భారం మాత్రం 9.8 దగ్గరే ఉంటుంది. నిజంగా మూడో నియమం జంటైతే ఈ తేడా రాకూడదు.

జంటను పట్టుకోవడానికి వ్యాకరణమే చాలు. బలాన్ని పూర్తి వాక్యంగా చెప్పి, కర్తనూ కర్మనూ తారుమారు చేయాలి. "భూమి పుస్తకాన్ని లాగుతోంది" తిప్పితే "పుస్తకం భూమిని లాగుతోంది". "బల్ల పుస్తకాన్ని నెడుతోంది" తిప్పితే "పుస్తకం బల్లను నెడుతోంది". క్రియ మారకూడదు. లాగడానికి జంటగా నెట్టడం వచ్చిందంటే రెండు వేర్వేరు జంటల్ని కలిపేశారన్నమాట.

ప్రశ్న: కర్త–కర్మల సూత్రం బాగుంది. మరి ఈ సమానత్వం న్యూటన్‌కు ఎలా తేలింది?

ఫిజిక్స్ లెక్చరర్: గుండ్లను ఢీకొట్టించి చూశాడు. వాలిస్, రెన్, హైగెన్స్ అనే శాస్త్రవేత్తలు 1668–69లోనే అభిఘాతాల (వస్తువులు ఢీకొనడాల) నియమాలు లండన్‌లోని శాస్త్రజ్ఞుల సంఘం రాయల్ సొసైటీకి పంపారు. న్యూటన్ ఆ ముగ్గురినీ పేరుపేరునా తలుచుకుని, 10 అడుగుల లోలకాలతో పరీక్షించాడు. చిక్కంతా గాలి నిరోధంతో. గుండు ఒక పూర్తి డోలనం చేసి వచ్చేసరికి బయల్దేరిన చోటు కంటే కాస్త తక్కువ ఎత్తుకే చేరుతుంది. ఆ తరుగులో నాలుగో వంతును ఒక్క దిగుడుకు లెక్కగట్టి సవరించుకున్నాడు. ఉన్ని ఉండలు దగ్గరైన వేగంలో దాదాపు 5/9 వంతుతో విడిపోయాయి, గాజువి 15/16తో, ఉక్కువి దాదాపు అదే వేగంతో. ఎగిరిపడటంలో ఇంత తేడా ఉన్నా ఒకటి పోగొట్టుకున్న ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) రెండోదానికి చేరింది.

ఆకర్షణకు ఇంకో పరీక్ష. అయస్కాంతాన్ని ఒక పాత్రలో, ఇనుమును మరో పాత్రలో పెట్టి, రెండూ ఆనుకునేలా నిశ్చలమైన నీటిమీద తేలనిచ్చాడు. ఏదీ రెండోదాన్ని తోసుకుపోలేదు. ఒక లాగుడు ఎక్కువైతే జంటగా ఒకవైపు సాగిపోవాలి కదా.

ప్రశ్న: చివరి సందేహం. గుర్రం రాయిని ఎంత లాగితే రాయీ గుర్రాన్ని అంతే లాగితే, రాయి కదిలేదెలా?

ట్యూటర్: రాయి లెక్క వేరు, గుర్రం లెక్క వేరు. రాయి మీద: తాడు లాగుడు, నేల ఘర్షణ. లాగుడు ఎక్కువైతే కదులుతుంది. గుర్రం మీద: తాడు వెనక్కి లాగుడు, గిట్టలను నేల ముందుకు నెట్టే బలం. గిట్ట నేలను వెనక్కి తన్నితేనే నేల గుర్రాన్ని ముందుకు నెడుతుంది. బురదలో గిట్ట జారితే ఆ జంటే బలహీనపడుతుంది, అందుకే గుర్రం రాయిని కదపలేదు.