బెంగళూరు క్రికెట్ ఏజెంటు కథ: 'జెర్రీ మాగ్వైర్' లెక్క ఇక్కడ కుదురుతుందా?

మారతహళ్ళి_రైటర్:
స్క్రిప్టు రాస్తున్నానండీ. హీరో అనంతపురం వాడు, బెంగళూరులో క్రికెట్ ఏజెంటు. ఉద్యోగం ఊడి, చేతిలో ఒక్క ప్లేయరే మిగిలాడు. స్పోర్ట్స్ ఏజెంటు జెర్రీ మీద వచ్చిన హాలీవుడ్ సినిమా 'జెర్రీ మాగ్వైర్' (1996)లోలా క్లైమాక్సులో టీమ్‌తో కాంట్రాక్టు బేరం పెడితే ఐపీఎల్‌కి అతుకుతుందా? భార్యతో ట్రాక్ ఎక్కడ ఎత్తుకోవాలి?

పెవిలియన్_ఎండ్:
బేరం అతకదు. అక్కడ జెర్రీ చేతిలో మిగిలిన ఒక్క ప్లేయర్ రాడ్ టిడ్‌వెల్ కోసం ఆరిజోనా ఫుట్‌బాల్ టీమ్ నాలుగేళ్ళకి 1.12 కోట్ల డాలర్లు ఇచ్చేదాకా ఏజెంటు బిగదీసుకుని కూర్చోగలడు. ఐపీఎల్ వేలంలో రేటు కట్టేది పాడిల్, అంటే ఫ్రాంచైజీలు పాట పాడటానికి ఎత్తే పలక. ఏజెంటు చెప్పగలిగింది బేస్ ప్రైస్ (పాట మొదలయ్యే ధర) దగ్గరే. 2025 సీజన్ వేలంలో అది కనీసం 30 లక్షలు, గరిష్ఠం 2 కోట్లు. డ్రామా అంతా అక్కడ పెట్టుకోండి. తక్కువ పెడితే, ఒక్క టీమే చెయ్యెత్తినప్పుడు ఆ బేస్‌కే సుత్తి పడుతుంది. ఎక్కువ పెడితే ఎవరూ ఎత్తరు, అన్‌సోల్డ్. కుర్రాడి నాన్న ఒక అంకె, ఏజెంటు ఇంకో అంకె: మీ బేరం సీన్ అదే. అన్‌సోల్డ్ అయినా కథ ముగియదు, ఫ్రాంచైజీలు అడిగిన పేర్లు చివర్లో యాక్సిలరేటెడ్ రౌండులో మళ్ళీ పిలుస్తారు.

ఇంకోటి, ఏజెంటు బతికేది ఎక్కువగా బ్యాట్ స్టిక్కర్లు, షూలు, యాడ్‌ల మీద. ఊళ్ళో క్లబ్ లీగు మ్యాచులాడే కుర్రాడికి అవి రావు. అద్దె కట్టలేని హీరోని నమ్మించడానికి వేరే కారణం వెతకక్కర్లేదు.

రీలు_పెట్టె:
బేరమే కావాలంటే ప్లేయర్ని ఫుట్‌బాల్‌కి మార్చండి, ఊళ్ళో బెంగళూరు ఎఫ్‌సీ ఉండనే ఉంది. ఏజెంట్లకి ఫిఫా లైసెన్సు పరీక్ష 2023లో మొదలైంది: గంటలో 20 ప్రశ్నలు, 15 రైటు కావాలి. ఆటగాడితో ఒప్పందం రెండేళ్ళకి మించకూడదు. ఎక్స్‌క్లూజివ్ అయితే వేరే ఏజెంటు ఆఖరి రెండు నెలల్లోనే కదపగలడు. సినిమాలో జెర్రీ చేతిలోని కాలేజీ స్టార్ కుష్మన్ తండ్రి మాటిచ్చి చెయ్యి కలుపుతాడు, సంతకం మాత్రం ఉండదు. డ్రాఫ్టు (టీమ్‌లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే కార్యక్రమం) ముందు పోటీ ఏజెంటు షుగర్ ఆ కుర్రాణ్ణి ఎగరేసుకుపోయేది ఆ సందులోంచే. మీ విలన్ రూలు ప్రకారమే ఆ రెండు నెలల్లో వస్తే ఇంకా మంట.

అంతకుముందు ఇదే షుగర్ జెర్రీని కిక్కిరిసిన రెస్టారెంటులో ఉద్యోగంలోంచి తీసేస్తాడు, పదిమందిలో అరవలేడని. దర్శినిలో, నిలబడి తినే బల్ల దగ్గర పెట్టి చూడండి.

మారతహళ్ళి_రైటర్:
బేస్ ప్రైసే ఖాయం. మరి భార్య ట్రాక్?

కత్తెర_సీను:
అందరూ జెర్రీ భార్య దగ్గరికి తిరిగొచ్చి చెప్పే చివరి స్పీచి కాపీ కొడతారు, దెబ్బతింటారు. అసలు మలుపు పెళ్ళి దగ్గరుంది. అతనితో పనిచేసే డొరొతీ ఉద్యోగానికి శాన్‌డియాగో బయల్దేరుతుంటే, జెర్రీ ఒంటరైపోతానన్న భయంతో, కృతజ్ఞతతో పెళ్ళి చేసుకుందామని అడిగేస్తాడు. పెళ్ళికి కారణమే తప్పు. అది ముందు గట్టిగా పడకపోతే చివర్లో తిరిగొచ్చినా బరువుండదు. పక్కనే రాడ్ సంసారాన్ని నిలబెట్టారు గమనించండి. రాడ్ మైదానంలో కదలకుండా పడి ఉన్నప్పుడు జెర్రీ ఫోనులో అతని భార్యని సముదాయిస్తాడు. తనింట్లో లేనిదేంటో అతనికి అందేది అక్కడే, అందుకే వెంటనే ఇంటికి పరిగెత్తినా మనం నమ్ముతాం.

మీ కథలో వేలం రోజు కుర్రాడి ఇంటినుంచి అలాంటి కాల్ ఒకటి ఉంచండి. అన్‌సోల్డ్ అన్న మాటకీ రెండో పిలుపుకీ మధ్య ఖాళీ ఉంది కదా, ఆ సీను అందులో పడుతుంది.